పాట కట్టినవాడి పేరు కనబడే ప్లేయర్

లైనక్స్‌లో పాటలకు ఏ ప్లేయర్ మంచిది? మా మిరుదొడ్డిలో పాత ల్యాప్‌టాప్‌కు లైనక్స్ ఎక్కించుకున్న పిల్లలు నన్ను తరచూ అడిగే మాట ఇది. "అన్నా, ఏది వేసుకోమంటవ్?" అంటారు. నీ దగ్గరున్న పాటలేంటి, వాటిని ఏ పేరుతో వెతుక్కుంటవ్ అని నేను తిరిగి అడుగుతాను. ఆ జవాబును బట్టే ప్లేయర్ తేలుతుంది. రంగులు, బటన్లు ఆ తర్వాతి సంగతి.

ఈ ప్లేయర్లలో చాలావాటికి పాటంటే ఆర్టిస్టు, ఆల్బమ్, అంతే. మనం అలా వినం. ఏ సినిమాలోది, సంగీతం ఎవరిది, రాసిందెవరు అని ఆరా తీస్తాం. ‘మాభూమి’ సినిమాలో గద్దర్ గొంతుతో ఊరూరా పాకిన ‘బండెనక బండి కట్టి’ పాటనే తీసుకోండి. కట్టింది తెలంగాణ సాయుధ పోరాట కాలపు బండి యాదగిరి. మెమొరీ కార్డుల్లో చేతులు మారి వచ్చే ఫైళ్లలో గద్దర్ పేరైనా ఉంటుంది, లేదంటే డౌన్‌లోడ్ చేసిన సైటు పేరుంటుంది. యాదగిరి పేరు మాత్రం ఉండదు. ఇది నాకు చిన్న విషయంగా అనిపించదు. పాట మిగిలి, కట్టినవాడు మాయమవడం అన్యాయం.

అందుకే నేను క్వాడ్ లిబెట్ అనే ప్లేయర్ దగ్గర ఆగాను. చూడ్డానికి సాదాసీదాగా ఉంటుంది. కానీ ప్యానెళ్లలో ఏ వివరం కనబడాలో మనమే చెప్పొచ్చు. నా తెరమీద ఎడమవైపు రచయిత, పక్కన సినిమా, ఆ పక్కన గాయకుడు. యాదగిరి మీద నొక్కితే ఆయన పాట, ఎవరు పాడినా సరే, ముందుకొస్తుంది. ఒకే రచయిత పాటలన్నీ ఎంచుకుని పేరు ఒక్కసారే రాసే వీలూ ఉంది. ఎంపీ3 ఫైల్లో పాట వివరాలుండే ట్యాగుల్లో రచయితకు విడిగా గడి ఎప్పటినుంచో ఉంది, నింపేవాళ్లే తక్కువ.

పేర్లు తెలుగులోనే రాయమని నా సలహా. ఇంగ్లీషు అక్షరాల్లో బాలసుబ్రహ్మణ్యం ఒక్కో ఫైల్లో ఒక్కో స్పెల్లింగుతో ఉంటాడు, ప్లేయర్ ఆయన్ని నలుగురు మనుషులుగా లెక్కేస్తుంది. అయితే 1996 నాటి పాత ట్యాగు పద్ధతిలో పేరుకు ఇచ్చిన చోటు 30 బైట్లే. ఇప్పుడు వాడుకలో ఉన్న యూటీఎఫ్-8లో తెలుగు అక్షరానికి, గుణింతానికి, పొల్లుకు తలా 3 బైట్లు. బాలసుబ్రహ్మణ్యం అని రాస్తే 45 అవుతుంది, పేరు మధ్యలోనే తెగిపోతుంది. తర్వాతి రెండో తరం ట్యాగుల్లో ఈ ఇబ్బంది లేదు. కాబట్టి పాతవి తీసేసి వాటినే ఉంచుకోవాలి.

పాత విన్యాంప్ ముస్తాబు మీద మమకారమున్నవాళ్లకు ఆడేషియస్ ఉంది, ఆ స్కిన్‌లు ఇప్పటికీ దానికి తొడగొచ్చు. తెలుగు పేర్లు కనిపించకపోతే కంగారు పడొద్దు. సెట్టింగుల్లో బిట్‌మ్యాప్ ఫాంట్లు వాడాలన్న చోట టిక్కు తీసేసి, లోహిత్ తెలుగు ఫాంటు పెట్టుకుంటే చాలు. ఆ బిట్‌మ్యాప్ అక్షరాలు ఇంగ్లీషు వరకే.

లైనక్స్ ప్లేయర్ల వంశవృక్షం కూడా నాకిష్టం. అమరాక్ 2008లో కొత్త రూపానికి మారితే, పాతదే బాగుందన్నవాళ్లు దాని కోడ్ తీసుకుని 2010లో క్లెమెంటైన్ తెచ్చారు. దాని నుంచి 2018లో స్ట్రాబెర్రీ పుట్టింది. కొమురవెల్లి మల్లన్న కథను ఒక్కో ఒగ్గు మేళం తన దరువుతో చెప్పుకున్నట్టే, ఎవరికీ ఎవరి అనుమతీ అక్కర్లేదు. కోడ్ అందరి ముందూ ఉంది.

మల్లన్న అన్నాను కాబట్టి ఒగ్గుకథ సంగతి. సంక్రాంతి నుంచి ఉగాది దాకా కొమురవెల్లి జాతర సాగే రోజుల్లో మా జిల్లాలో డోలు దరువు వినబడని వారం ఉండదు. సెల్లుతో పట్టిన రికార్డింగులు గంటల పొడవుంటాయి. మామూలు ప్లేయర్‌కు అది ఒక్క ‘పాట’. ఎక్కడ ఆపామో గుర్తుండదు, కావలసిన ఘట్టం కోసం గీతను అటూ ఇటూ జరుపుతూ కూర్చోవాలి. క్వాడ్ లిబెట్‌లో ఒకే ఫైలు లోపల బుక్‌మార్కులు పెట్టుకోవచ్చు. మల్లన్న పుట్టుక, మేడలమ్మ పెండ్లి, కేతమ్మ ఘట్టం అని నిమిషాల పక్కన పేర్లు రాసి పెట్టుకున్నాను. గాయకుడి గడిలో ఒగ్గు పూజారి పేరు, దాని కిందనే డోలు వాయించినవాళ్ల పేర్లు, తాళం వేసినవాళ్ల పేర్లు చేరుస్తున్నాను. ఒక గడిలో ఎన్ని పేర్లయినా పడతాయి. తెలియని పేర్ల కోసం రికార్డు చేసిన పిల్లలనే అడుగుతున్నాను, వాళ్లు మేళంవాళ్లకు ఫోన్ చేసి కనుక్కుని చెబుతున్నారు.