నీళ్ల మధ్య కాలేజీలు, ఈత లేని సిలబస్

కోనసీమలో చాలా కాలేజీలకు వెళ్లాలంటే దారిలో ఒక కాలువైనా దాటాలి. గ్రౌండులో కబడ్డీ కోర్టు ఉంటుంది, వాలీబాల్ నెట్ ఉంటుంది, క్రికెట్ సరేసరి. పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గారి గదిలో అన్నిటికీ సామాను దొరుకుతుంది. నీళ్లకు పనికొచ్చే తాడు ముక్క మాత్రం కనపడటం అరుదు.

మన వ్యాయామ విద్య వచ్చిన దారి అలాంటిది మరి. 1920లో హ్యారీ క్రో బక్ మద్రాసులో వైఎంసీఏ వ్యాయామ కళాశాల పెట్టాడు. అప్పటికి గోదావరి జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలోవే. ఆ కళాశాల పద్ధతులే మన డ్రిల్లు మాస్టార్లకు బాట వేశాయి. ఆ బాటను తక్కువ చేయనక్కర్లేదు. 2023లో గంటకు 565 కిలోమీటర్ల బ్యాడ్మింటన్ స్మాష్‌తో గిన్నిస్ రికార్డు కొట్టిన సాత్విక్ సాయిరాజ్ అమలాపురం కుర్రాడు, తండ్రి వ్యాయామోపాధ్యాయుడే. కాకపోతే మైదానంలో ఆడేదే వ్యాయామ విద్య అన్న అలవాటు పడిపోయింది. నీటి విద్యను కాలువ గట్టుకు వదిలేశాం.

ఆ గట్టు మీద బడి ఎలా నడిచేదో చూడండి. ఒలవని ఎండు కొబ్బరికాయలు రెండు తెస్తారు. ఒక్కోదాని డొక్క నుంచి ఓ పీచు పాయను సగందాకా చీల్చి, రెండు పాయల్నీ కలిపి ముడేస్తారు. ఆ ముడి మీద పొట్ట ఆనించి పడుకుంటే చెరో పక్కా కాయ తేలుతుంది. డొక్క నిండా గాలి ఉంటుంది కాబట్టి పిల్లాడి బరువు సులువుగా మోస్తుంది. కొత్తగా నీళ్లలో దిగినవాడు భయంతో తల పైకెత్తుతాడు. తల లేస్తే కాళ్లు మునుగుతాయి. కాళ్లు మునిగితే మనిషి నిలువుగా దిగిపోతాడు. పొట్ట కింద ఆసరా దొరికితే నడుము పైకి తేలుతుంది, కాళ్లు ఆడించడం వస్తుంది. కాళ్లు కుదిరాక బారలు. బారలు కుదిరాయనుకున్న రోజు పక్కనున్న మావయ్యో అన్నయ్యో చెప్పా పెట్టకుండా కాయలు లాగేస్తాడు. ఆ గుక్కెడు నీళ్లు మింగినవాడికి ఆ సాయంత్రానికి ఈత వచ్చేసినట్టే. కాయలు దొరక్కపోతే అరటి బోదె, ఈమధ్య లారీ ట్యూబు.

ఇలా నేర్చినవాడు తల నీటి పైనే ఉంచి ఈదుతాడు. స్విమ్మింగ్ పూల్ కోచ్ చూస్తే మొహం నీళ్లలో పెట్టమంటాడు, వేగం కావాలంటే ఆయన మాటే సరైనది. అయితే ఏట్లో దుంగలొస్తాయి, గుర్రపు డెక్క కొట్టుకొస్తుంది, ఎదురుగా పడవ వస్తుంది. అక్కడ కళ్లు పైన ఉండటమే మేలు. కాలేజీ కుర్రాడికి రెండూ రావాలి.

ఇక ప్రవాహం. ఏటికి ఎదురీదడం మాటల్లో గొప్పే గానీ పడవవాడెవడూ ఆ పని చేయడు. తెడ్లతో నడిచే నాటు పడవ కోటిపల్లి నుంచి ముక్తేశ్వరం వెళ్లాలంటే అవతలి రేవుకు సూటిగా గురిపెట్టరు. గట్టు వారగా, నీటి జోరు తక్కువున్న చోట కొంత ఎగువకు పోయి, అక్కణ్నుంచి ఏటవాలుగా వదులుతారు. ప్రవాహమే రేవుకు చేరుస్తుంది. లోతు తక్కువైతే గెడ, ఎక్కువైతే తెడ్డు. ఈదేవాడికీ ఇదే పాఠం: ఒడ్డు చేరాలంటే నీటితోపాటు పోతూ పక్కకు కోసుకోవాలి, తిరగబడి అలసిపోకూడదు.

ఇంత తెలిసిన గట్టు బడి రెండు పెద్ద తప్పులు చేసింది. ఆడపిల్లలకు నేర్పలేదు. రేవులో ఏళ్ల తరబడి బట్టలుతికినా మెడలోతు దిగలేని అమ్మమ్మలు ప్రతి ఊళ్లోనూ ఉండేవారు. రెండోది, ఈత నేర్పింది గానీ రక్షణ నేర్పలేదు. మునిగిపోతున్నవాడు సినిమాలోలా చేతులూపి కేకలేయడు. నోరు నీటి అంచున ఉంటుంది, ఊపిరికే చాలదు, ఇక కేకెక్కడిది? చూసేవాడికి ఆడుకుంటున్నట్టే ఉంటుంది. ఒకడు మునుగుతుంటే ముగ్గురు దూకి ముగ్గురూ పోయిన వార్తలు మనకు కొత్త కాదు. ముందు కర్రో తువ్వాలో అందించాలి. అందకపోతే తాడు విసరాలి. ఖాళీ అయిదు లీటర్ల డబ్బాలో కాసిని నీళ్లు పోసి, మూత బిగించి, మోకు కట్టి విసిరితే బరువుకు దూరం పోతుంది, గాలికి తేలుతుంది. అదీ కుదరకపోతే పడవ. దూకడం చిట్టచివర, అదీ నేర్చినవాడే, వెనకవైపు నుంచే. ఒడ్డుకు తెచ్చాక పొట్ట నొక్కి నీళ్లు కక్కించే అలవాటు మానాలి. ఊపిరి ఆడకపోతే నోట్లో నోరు పెట్టి గాలి ఊదాలి, ఆపైన ఛాతీ నొక్కాలి.

2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటక పడవ మునిగినప్పుడు ఆ ఊరివాళ్లు నాటు పడవలేసుకుని వెళ్లి చాలామందిని ఒడ్డుకు చేర్చారు. వాళ్లకు ఏ కాలేజీ సర్టిఫికెట్టూ ఇవ్వలేదు.

మనలాంటి డెల్టానే అయిన బంగ్లాదేశ్‌లో 'స్విమ్‌సేఫ్' పేరుతో ఊరి చెరువుల్లోనే వెదురు మంచెలు కట్టి పిల్లలకు ఈతతోపాటు రక్షణ కూడా నేర్పారు. పూల్ లేదన్న సాకు అక్కడ చెల్లలేదు. అమెరికాలో ఎంఐటీ విద్యార్థి ఈత పరీక్ష నెగ్గాలి, లేదంటే ఈత క్లాసులో చేరాలి. బీజింగ్‌లోని చింగ్హువా విశ్వవిద్యాలయం కూడా 2017లో అలాంటి నిబంధనే పెట్టింది.

మనకూ చోటు లేకపోలేదు. 2022 డిసెంబరులో యూజీసీ ఇచ్చిన డిగ్రీ పాఠ్య ప్రణాళికలో యోగా, క్రీడలు, ఫిట్‌నెస్‌కు క్రెడిట్లున్నాయి. 2025 సంక్రాంతికి ఆత్రేయపురం కాలువలో డ్రాగన్ పడవ పందాలు పెడితే జనం గట్ల నిండా నిలబడ్డారు, అంటే సరదాకూ కొదవలేదు. చిక్కల్లా సమయంతోనే. వేసవి సెలవుల్లో నేర్పుదామంటే అప్పటికి కాలువలు కట్టేస్తారు. జులై నుంచి ఎర్రనీరు. ధవళేశ్వరం దగ్గర 11.75 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, ఆ రోజుల్లో ఎవర్నీ దించకూడదు. నదిలో ఇసుక తవ్విన గోతుల దగ్గర ఏ రోజుల్లోనూ దించకూడదు. మోకాలి లోతు అనుకున్నది రెండడుగుల్లో తల దాటుతుంది. నవంబరు నుంచి మార్చి దాకా, నీళ్లు తేటపడ్డ కాలువలోనో చెరువులోనో, తాడు కట్టిన హద్దులో, లైఫ్ జాకెట్లతో నడపాలి. ఆడపిల్లలకు విడి బ్యాచ్, వీలైతే మహిళా శిక్షకులు.

నేర్పేవాళ్లెవరంటే, పీడీ గార్లందరికీ ఈత రావాలని లేదు. పంటు నడిపే సరంగులు, వలేసే మత్స్యకారులు ఉన్నారు. వాళ్లకు రక్షణ పద్ధతులూ సీపీఆరూ వారం రోజులు నేర్పిస్తే చాలు. డిగ్రీలు లేవంటారేమో. డిగ్రీ లేకున్నా పనిలో ఆరితేరినవారిని బోధనకు తీసుకునేందుకు 2022లోనే యూజీసీ 'ప్రొఫెసర్ ఆఫ్ ప్రాక్టీస్' అని దారి తెరిచింది. అది పెద్ద హోదాల వాళ్లను ఉద్దేశించింది, నిజమే. గెస్టు శిక్షకులుగా గంటకింత అని ఇచ్చి మాత్రం వీళ్లను పిలవచ్చు కదా.