ఆవకాయ మీద అద్దె

పలు సరకులమ్ము వ్యాపారమున, లాభమును నష్టమును లేక రాబడి ఖర్చులకు సరిపోవు అమ్మకమెంత యని లెక్కింపబూనినప్పుడు, చాలమంది వర్తకులు మొట్టమొదట చేయు పని అంగడి అద్దెను, జీతములను సరకుల నడుమ పంచిపెట్టుట. లెక్కలు వ్రాయు వృత్తిలో నున్న నాకు ఈ పంపకముమీద ఏనాడును నమ్మకము కుదురలేదు.

పచ్చళ్ల దుకాణమొకటి తీసికొందము. కిలో ఆవకాయ 400 రూపాయలు, గోంగూర 400, కందిపొడి 500. కాయ, ఆకు, పప్పు, కారము, నూనె, సీసా మొదలుగా సరకుతోపాటు పెరిగి తరుగు ఖర్చులన్నియు తీసివేయగా, కిలోకు వరుసగా 120, 150, 225 రూపాయలు మిగులును. అమ్మినను అమ్మకున్నను తప్పని అద్దె, జీతములు, కరెంటు కలిసి నెలకు 90,000. ప్రతి పది కిలోలలో ఆవకాయ అయిదు, గోంగూర మూడు, పొడి రెండు చొప్పున పోవుచుండిన, ఆ పదింటిమీద మిగులునది 1,500. కావున 600 కిలోలు చెల్లి, అమ్మకము 2,52,000 రూపాయలైన నాడు దుకాణము ఒడ్డున పడును.

ఈ 90,000ను యజమాని అమ్మకముల పాళ్లనుబట్టి పంచెనా, ఆవకాయ నెత్తిన సుమారు 42,857 పడును. దానిమీద మిగిలినదో 36,000 మాత్రమే. ఆవకాయది నష్టజాతకమని తీర్మానించి దానిని మానివేసినచో, ఇంటియజమాని అద్దెలో ఒక్క రూపాయియైన తగ్గింపడు గదా! తక్కిన రెంటిమీద వచ్చు 54,000తో ఆ భారమంతయు మోయవలసి, లేని నష్టమునకు భయపడినవాడు నెలకు 36,000 నిజముగనే నష్టపోవును. ఆవకాయకై వచ్చినవారే పోవుచు పోవుచు పొడి పొట్లము కొందురన్న సంగతి ఏ చిట్టాకును ఎక్కదు. అసలు ఆవకాయ లేని పచ్చళ్లకొట్టు గడప తెలుగువాడు తొక్కునా యన్నది వేరొక ప్రశ్న.

అట్లని ఆ 600ను శిలాశాసనమని నమ్మరాదు. వేసవిలో కొత్తావకాయకై జనమెగబడి, పదింట ఏడు కిలోలు అదియే, గోంగూర రెండు, పొడి ఒకటి యైనచో, అవే 600 కిలోలు అమ్మియు 8,100 పోగొట్టుకొనవలసి వచ్చును. గట్టెక్కుటకు సుమారు 660 కిలోలు కావలయును. గల్లాపెట్టె గలగలలాడుచుండగా ఈ మాట ఎవరికిని రుచింపదు. అందుచేత నేను ఒక్క అంకె నిచ్చుట మానుకొని, వేసవి పాళ్లకొకటి, తక్కిన నెలల పాళ్లకొకటి ప్రక్కప్రక్కన వ్రాసి యిత్తును. ఇందులో ఏది నిజమండీ యని అడుగుదురు. ఈ వారపు బిల్లుపుస్తకము తెండని అందును.