ఎనిమిదింటికి నాలుగు చాలు

ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి వైపు బస్సెక్కామనుకుందాం. కండక్టరు టిమ్ (టికెట్టు కొట్టే యంత్రం) మీద నాలుగు మీటలు నొక్కగానే టికెట్టు వచ్చేస్తుంది. అలాంటి యంత్రాన్ని డిపోకి ఇచ్చే ముందు పరీక్షించేవాడి తిప్పలు చూడండి. ఎక్కింది ఆడవారా, మగవారా? బస్సు పల్లెవెలుగా, సూపర్ లగ్జరీనా? కొట్టేది సున్నా (ఉచిత) టికెట్టా, డబ్బు టికెట్టా? మూడు విషయాలు, ఒక్కోదానికి రెండు రకాలు: మొత్తం ఎనిమిది. అదే మూడేసి రకాలున్న విషయాలు 13 అయితే 15,94,323. ఎవరు కూర్చుని నొక్కుతారు?

దీనికి దారి ఒక పాత పత్రంలో ఉంది. గూడూరు, నూజివీడు, నందిగామ, విశాఖపట్నాల్లో చదువుకున్న గణాంకవేత్త కల్యంపూడి రాధాకృష్ణారావు 1947లో ఆర్తోగోనల్ ఎర్రేల (జోడీలన్నీ సమానంగా వచ్చే వరసల పట్టికల) మీద పత్రం ప్రచురించారు. అప్పటి అవసరం వేరు: తక్కువ ప్రయోగాలతో ఎక్కువ సంగతులు తేల్చడం. ఆ అల్లిక మన టిమ్‌కి ఇలా అమరుతుంది:

ఆడవారు – పల్లెవెలుగు – సున్నా
ఆడవారు – లగ్జరీ – డబ్బు
మగవారు – పల్లెవెలుగు – డబ్బు
మగవారు – లగ్జరీ – సున్నా

ఏ రెండు విషయాలు తీసుకున్నా వాటి నాలుగు జోడీలూ ఉన్నాయి. ఒక్కటీ తప్పిపోలేదు, ఒక్కటీ రెండోసారి రాలేదు. 13 విషయాల లెక్కకీ 27 వరసలు చాలు. అన్ని జోడీలూ సమానంగా రావాలన్న పట్టు వదిలితే 15తోనే సరి. జోడీలే ఎందుకంటారా? అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ పరిశోధకులు 2004లో ప్రకటించిన అధ్యయనంలో, ఎక్కువ తప్పులు ఒక్క విషయంతోనో, రెండు విషయాలు కలిస్తేనో బయటపడ్డాయి.

కానీ నాలుగో వరస చెల్లదు. ఆంధ్రప్రదేశ్‌లో ఆడవారికి ఉచిత బస్సు ప్రయాణం కోసం 2025 ఆగస్టు 15న మొదలైన స్త్రీ శక్తి పథకంలో సున్నా టికెట్టు మగవారికి లేదు, సూపర్ లగ్జరీలోనూ లేదు. వరస కొట్టేస్తే ‘మగవారు – లగ్జరీ’ జోడీ కూడా పోతుంది. నియమాలకు సరిపోయే విలువలు వెతికే ప్రోగ్రాం, అంటే కన్‌స్ట్రెయింట్ సాల్వర్, పనితనం ఇక్కడే తెలుస్తుంది. నియమాలు రాసిస్తే అది ‘సున్నా’ తీసి ‘డబ్బు’ పెట్టి వరసను నిలబెడుతుంది.

ఇంకా ఒకటి మిగిలింది: ఉచితం రాష్ట్రంవాళ్లకే కాబట్టి పల్లెవెలుగులో డబ్బిచ్చే పొరుగు రాష్ట్రపు ఆడమనిషి. జోడీలన్నీ చూసినా ఈ మూడింటి కలయిక తగల్లేదు. దీనికి ఒక దారి పాచికలు వేయడం. చిప్పుల పరీక్షలో సిస్టమ్‌వెరిలాగ్ భాషతో రోజూ చేసేది ఇదే: నియమాలకు లోబడిన ఇన్‌పుట్లను సాల్వర్ యాదృచ్ఛికంగా పుట్టిస్తూ పోతుంది. అయితే ఉత్త పాచికలకి ఓపిక చాలదు. ఇంటెల్ చిప్పు పెంటియంలో 1994లో బయటపడిన భాగహారం తప్పుకి మూలం, చిప్పు లోపలి పట్టికలో నింపని ఐదు గళ్లు. ఎలాబడితే అలా అంకెలు ఇస్తే 900 కోట్ల భాగహారాల్లో ఒకటి తప్పుతుందని ఇంటెల్ లెక్క చెప్పింది. ఆ తప్పుకి ఇంటెల్ చెల్లించిన మూల్యం 47.5 కోట్ల డాలర్లు. పాచికని ఆ మూల గళ్ల వైపు ఒరిగేలా నియమాలు రాయడంలోనే నేర్పంతా ఉంది.

రావుగారు 2023లో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ఆయన పని రుచి చూడాలంటే కాగితం తీసుకుని పై నాలుగు వరసల్ని మూడుకి కుదించి చూడండి. కుదరదు: ఏ రెండు విషయాలకైనా జోడీలు నాలుగు.