బయటపడ్డ మేర మాత్రమే

పని అయ్యాక సాయంత్రాలు ఈమధ్య ఎమ్యులేటర్‌లో 1984 నాటి మెకింటోష్ సిస్టమ్ తెరుస్తున్నాను. నలుపు తెలుపు తెర. అడ్డం 512 చుక్కలు, నిలువు 342. ఒకదాని మీద ఒకటిగా రెండు విండోలు తెరిచి, పైదాన్ని పట్టుకుని లాగితే ముందు దాని అంచు గీతే కదులుతుంది. మౌస్ వదిలాక విండో అక్కడికి చేరుతుంది. కింది విండోలో బయటపడ్డ మేర మాత్రమే మళ్లీ నిండుతుంది. ప్రోగ్రాములు రాసి బతికేవాణ్ణి కాబట్టి నా చూపు ప్రతిసారీ అక్కడే ఆగుతుంది.

ఆ యంత్రం మెమరీ మొత్తం 128 కిలోబైట్లు. తెర మీది బొమ్మకే అందులో 22 దాకా పోతాయి. ఇక మరుగున పడ్డ విండోల బొమ్మలు దాచుకునే చోటెక్కడిది? మెకింటోష్ గ్రాఫిక్స్ కోడ్ రాసిన ఆపిల్ ప్రోగ్రామర్ బిల్ అట్కిన్సన్ వేరే దారి పట్టారు. ఆకారాన్ని చుక్కచుక్కా గుర్తుపెట్టుకోకుండా, అంచు ఎక్కడ మారుతోందో ఆ చోట్లే రాసుకున్నారు. పై వరుసలాగే ఉన్న వరుసకు మళ్లీ రాతే లేదు. ఇలా రాసుకున్న ఆకారాల్ని కలపొచ్చు, ఒకదాంట్లోంచి ఇంకోదాన్ని తీసేయొచ్చు. ఏ ముక్క బయటపడిందో తేలగానే, అది గీయమని ప్రోగ్రాముకు కబురు వెళ్తుంది. వీటినే రీజియన్లు అన్నారు.

1979లో జెరాక్స్ పరిశోధనశాల చూసినప్పుడు ఇదంతా అక్కడ ముందే ఉందని ఆయన అనుకున్నారు. సగం కప్పుకుపోయిన విండో తనంతట తాను సర్దుకోవడం నిజానికి అక్కడ లేదు. ఉందన్న నమ్మకంతోనే ఆయన సాధించారు. 1985 నవంబరులో వచ్చిన విండోస్ 1.0లో మామూలు విండోలు పక్కపక్కనే సర్దుకునేవి తప్ప ఒకదాని మీదికి ఒకటి ఎక్కేవి కావు.

మెకింటోష్‌కు ముందు, ఆపిల్‌లోనే లీసా అనే కంప్యూటర్ తయారవుతున్న రోజుల్లో, వారం వారం ఎన్ని లైన్ల కోడ్ రాశారో ఫారంలో నింపమన్నారు మేనేజర్లు. అట్కిన్సన్ అప్పుడే రీజియన్ల కోడ్ తిరగరాసి 2000 లైన్లు తగ్గించారు. వేగం దాదాపు ఆరు రెట్లయింది. ఫారంలో మైనస్ 2000 అని రాసిచ్చారు. మా వృత్తిలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన అంకె అది. ఇన్నేళ్ల తర్వాత కూడా మాకు కలిపినదానికే లెక్క ఉంది, తీసేసినదానికి లేదు. అది నాకు బాధే.

అట్కిన్సన్ రాసిన ఆ గ్రాఫిక్స్ కోడ్‌ను 2010లో కంప్యూటర్ హిస్టరీ మ్యూజియం అందరికీ అందుబాటులో పెట్టింది. అంతా అసెంబ్లీ భాషే, చదవడం కష్టం. అయినా కొత్తగా చేరిన పిల్లలకు ముందు రీజియన్ల భాగమే చూపిస్తాను.