గూడ్సు పెట్టెలో చిత్రకారులు

1918 సెప్టెంబరులో కెనడాలోని ఒంటారియో అడవుల గుండా వెళ్లే ఒక గూడ్సు బండికి మామూలు సరుకుతో పాటు ఒక వింత పెట్టె తగిలించారు. దానికి కిటికీలు కోసి ఉన్నాయి. లోపల పొయ్యి, పడుకోవడానికి బల్లలు, నీళ్ల తొట్టి, సామాను అరలు. అల్గోమా సెంట్రల్ రైల్వే బండి ఆ పెట్టెను లాక్కెళ్లి ఏ లోయ దగ్గరో సైడింగులో వదిలేసి పోయేది. కొన్నాళ్లకు మరో బండి వచ్చి ఇంకో చోటికి చేర్చేది. అందులో ఉన్నవాళ్లు లారెన్ హ్యారిస్, జె.ఇ.హెచ్. మెక్‌డొనాల్డ్, ఫ్రాంక్ జాన్‌స్టన్ అనే ముగ్గురు చిత్రకారులు, వాళ్లకు అండగా నిలిచిన కంటి వైద్యుడు జేమ్స్ మెకల్లమ్. మరుసటి ఏడాది మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన ఎ.వై. జాక్సన్ వాళ్లతో కలిశాడు.

ఇది సరదా షికారు కాదు. 1917 జులైలో వాళ్ల ప్రాణమిత్రుడు టామ్ థామ్సన్ కెనో లేక్ అనే సరస్సులో చనిపోయాడు. అడవిలోనే ఉండి బొమ్మలు వేసే దారి వాళ్లకు చూపినవాడు అతనే. 1918 మొదట్లో హ్యారిస్ తమ్ముడు యుద్ధంలో చనిపోయాడు. ఆ దుఃఖంలో ఆరోగ్యం దెబ్బతిని హ్యారిస్ సైన్యం నుంచి బయటికొచ్చాడు. మెక్‌డొనాల్డ్ అప్పుడప్పుడే పెద్ద జబ్బు నుంచి లేచాడు. ఇంత కష్టంలో ఉన్న మనుషులు ఆ అల్గోమా అడవులకు వెళ్లి అంత పండుగలాంటి రంగులు వేశారంటే, ఆ యాత్ర వాళ్లకు ఏమిచ్చిందో ఊహించవచ్చు.

వాళ్లు వెళ్లింది అక్కడి శరత్తులో. మన శరత్తు వేరు. వానలు తగ్గి ఆకాశం తేటపడే కాలం అది; ఆకులు రాలడం మనకు శిశిరంలో. అక్కడ సెప్టెంబరు చివరికే చలి దిగుతుంది, పగటి వెలుగు తరుగుతుంది. ఆకుల్లోని పత్రహరితం తగ్గేసరికి బర్చ్ చెట్లలో అప్పటిదాకా దాగున్న పసుపు బయటపడుతుంది. మేపుల్ ఆకుల్లో ఎరుపు అప్పుడే కొత్తగా తయారవుతుంది. ఒక్క గాలివాన చాలు, ఆ రంగంతా నేలమీదికి రావడానికి. అందుకే అక్కడ చిత్రకారుడికి తొందర తప్పదు.

ఆ తొందరకు తగ్గ పనిముట్టు చిన్న చెక్కపలక. 8.5 అంగుళాల ఎత్తు, 10.5 అంగుళాల వెడల్పు ఉన్న పలకల మీద తైలవర్ణాలతో వేసేవారు. భుజాన మోసుకుపోయే పెట్టెలోనే రంగులు కలిపే పలక, మూతలో గాడులు. తడి ఆరని బొమ్మలు ఒకదానికొకటి అంటుకోకుండా ఆ గాడులు కాపాడతాయి. రంగుల గొట్టాల సంగతి చెప్పకుండా ముందుకు పోలేం. 1841లో అమెరికా చిత్రకారుడు జాన్ రాండ్ లోహపు గొట్టంలో రంగు నింపే పద్ధతికి పేటెంటు పొందకపోతే, ఆరుబయట తైలవర్ణ చిత్రణ ఇంతగా వ్యాపించేది కాదు.

పలక చిన్నది కాబట్టి ఆకు ఆకునూ వేయడం కుదరదు. ముందు పెద్ద ఆకారాలు పట్టుకోవాలి: కొండ ముద్ద, నీటి గీత, ఆకాశపు ముక్క. వెడల్పు కుంచెతో రంగు ఒత్తుగా పెట్టి, గీతకూ గీతకూ మధ్య చెక్కను అలాగే వదిలేయాలి. ఆ చెక్క గోధుమరంగే చాలాచోట్ల మట్టిగా, చెట్టు కాండంగా పనిచేస్తుంది. ఇక అల్గోమాలో అసలు చిక్కు రంగు తక్కువై కాదు, ఎక్కువై. ఎటు చూసినా ఎరుపే అయితే ఏ ఎరుపూ కనిపించదు. అందుకే వాళ్లు స్ప్రూస్ చెట్ల నల్లని ఆకుపచ్చను, మబ్బు పట్టిన ఆకాశపు బూడిదరంగును ఆసరా చేసుకున్నారు. ఆ ముదురు పక్కన నారింజ మరక ఒక్కటి పెట్టినా బొమ్మ వెలుగుతుంది.

పగలు ఎవరి దారి వారిది. కెనో అనే చిన్న పడవ మీద ఒకరు, పట్టాల మీద నడిచే మూడు చక్రాల ట్రాలీ మీద ఇంకొకరు. రాత్రి పొయ్యి చుట్టూ చేరి, ఆనాటి పలకలను వరసగా పెట్టి ఒకరివి ఒకరు పరీక్షించేవారు. మాటలు ప్లేటో నుంచి పికాసో దాకా, అక్కడి నుంచి బ్లావట్‌స్కీ దాకా పోయేవని జాక్సన్ తర్వాత గుర్తుచేసుకున్నాడు. బ్లావట్‌స్కీ స్థాపకుల్లో ఒకరైన, అడయారు, మదనపల్లెల వల్ల మనకు తెలిసిన దివ్యజ్ఞాన సమాజంలో హ్యారిస్ ఆ తర్వాత సభ్యుడయ్యాడు. ఒంటరిగా అడవికి పోయినా బొమ్మలు వస్తాయి. కానీ ఒకే లోయను పక్కవాడు ఎలా చూశాడో అదే రాత్రి కళ్లారా చూడటం ఏ బడిలోనూ దొరకని చదువు. ఈ యాత్రల అసలు విలువ అక్కడే ఉంది. 1920లో 'గ్రూప్ ఆఫ్ సెవెన్' అనే వాళ్ల చిత్రకారుల బృందం ఏర్పడేనాటికి ఆ స్నేహం గట్టిపడి ఉంది.

చిన్న పలకలు చలికాలంలో టొరంటో స్టూడియోలో పెద్ద కాన్వాసులయ్యేవి. మాంట్రియల్ నది లోయను కొండమీంచి చూస్తూ మెక్‌డొనాల్డ్ వేసిన 'ది సాలెమ్ ల్యాండ్' (1921) సుమారు ఐదడుగుల వెడల్పుంటుంది. మబ్బునీడ కొండను సగం కప్పేసి, ఎరుపును లోయ అడుగున బంధించిన తీరు గొప్పది. అయినా చాలా సందర్భాల్లో పలకలదే పైచేయి. స్టూడియోలో రంగు సర్దుకుంటుంది, అడవిలో పెట్టిన గీతకున్న తెగువ కొంత తగ్గుతుంది.

ఒక లోటు కూడా చెప్పాలి. ఈ బొమ్మల్లో మనుషులు దాదాపు లేరు. ఆ నేల అనిషినాబె అనే ఆదివాసీ ప్రజలది. సుపీరియర్ సరస్సు ఒడ్డున అగావా రాతిమీద వాళ్ల పూర్వీకులు ఎర్రమట్టి రంగుతో వేసిన బొమ్మలు ఇప్పటికీ ఉన్నాయి. ఆ రైలుమార్గం వేసిందీ కలప, ఖనిజాల కోసమే. ఎవరూ లేని అడవిగా కనిపించేది నిజానికి ఎప్పుడూ అలా లేదు.

టొరంటో చుట్టుపక్కల నేడు ఎన్నో తెలుగు కుటుంబాలున్నాయి. నగరానికి ఉత్తరాన క్లైన్‌బర్గ్‌లోని మెక్‌మైకేల్ మ్యూజియంలో ఈ చిత్రకారుల పలకలున్నాయి. పిల్లల్ని తీసుకుని ఒక్కసారి వెళ్లి, పెద్ద కాన్వాసుల కన్నా ముందు ఆ చిన్న పలకల దగ్గర ఆగి, గీతల మధ్య వదిలేసిన చెక్కను చూడండి.