శ్రమ, సాక్ష్యము, జాషువా కావ్యము: ఒక విమర్శనాత్మక పరిశీలన

గుర్రం జాషువా (1895–1971) జీవితమును మన ప్రసంగాలలో ఒక సాక్ష్యముగా వాడుట పరిపాటి. పేదరికము, అంటరానితనము, తరువాత కీర్తి, 1964లో ‘క్రీస్తు చరిత్ర’కు కేంద్ర సాహిత్య అకాడెమీ పురస్కారము, కాబట్టి శ్రమ వెనుక దేవుని ఉద్దేశ్యమున్నదని ముగింపు. ఇందులో సత్యము లేకపోలేదు. అయితే ఈ పఠనము కవికిగాని లేఖనమునకుగాని పూర్తి న్యాయము చేయదు.

మిషను బడిలో నెలకు 3 రూపాయల ఉద్యోగము పోగా జాషువా రాజమండ్రి చేరి, 1915–16లో మూకీ చిత్రాలకు వాచకునిగా పనిచేశారు. తెరపై బొమ్మలు కదులుచుండగా కథను, సంభాషణలను చదివి వినిపించుట ఆ పని. మాటలేని బొమ్మలకు గొంతునిచ్చినవాడే తరువాత నోరులేని ప్రజలకు గొంతైనాడని చెప్పుట ప్రసంగీకునికి సులభము. కాని ఆయన గోదావరి తీరమునకు వచ్చినది శిక్షణకు కాదు, బ్రతుకుతెరువుకు. ఆకలిని దేవుని పాఠశాల అని పిలుచు హక్కు ఆకలిగొన్నవానిదే.

1941లో వచ్చిన ‘గబ్బిలము’లో ఆలయ ప్రవేశము లేని అరుంధతీసుతుడు, గుడిలో నిరాటంకముగా వ్రేలాడగల గబ్బిలము ద్వారా కాశీవిశ్వనాథునికి తన మొర పంపును. ఇది క్రైస్తవ కీర్తన కాదు. దానిని అట్లు చేయనక్కరలేదు. అయినను యోబు గ్రంథమును, చీకటిలోనే ముగియు 88వ కీర్తనను ఎరిగినవారికి ఆ స్వరము క్రొత్తది కాదు. కాబట్టి ‘క్రీస్తు చరిత్ర’ను ‘గబ్బిలము’ నోరు మూయించు జవాబుగా చదువరాదు. గవిని వెలుపల శ్రమపడిన క్రీస్తు (హెబ్రీ 13:12) మొరను అణచువాడు కాడు. సిలువపై తానే మొరపెట్టినవాడు.

రోమా 8:28 మాటేమని కొందరడుగవచ్చు. ఆ వచనమునకు ముందే సృష్టి మూల్గు, విశ్వాసుల మూల్గు, ఆత్మ మూల్గు ఉన్నవి (8:22–26). వాటిని దాటవేసి 28వ వచనమును చేరుట వ్యాఖ్యానము కాదు.

ఇక్కడ కారణమును, పిలుపును వేరుచేయవలెను. శ్రమ ఎందుకు వచ్చినదో కాపరి చెప్పలేడు. 1996 నవంబరు 6న కోనసీమను ముంచిన తుపానులో భర్తను కోల్పోయిన స్త్రీకి ‘ఇది దేవుని ప్రణాళిక’ అనుట ఓదార్పు కాదు. ఆదరణ పొందినవారు ఇతరులను ఆదరించుటకు పిలువబడుదురనునది మాత్రము వాక్యము (2 కొరింథీ 1:4). జాషువా నెరవేర్చిన పని కూడ అటువంటిదే: తన గాయమునకు కారణము వెదకుటతో ఆగక, తనవారి మొరను మోసెను. సాక్ష్యపు కూడికలలో జయము పొందినవారికే గాక, ఇంకను మొరపెట్టుచున్నవారికి కూడ సంఘము సమయమియ్యవలెను.