మేలట్టూరు నాటకపట్టిక – మన రసికుల వాదములు

వైశాఖమాసము సమీపించునప్పటికి తంజావూరు సీమలోని మేలట్టూరునుండి ఆ యేటి భాగవతమేళ నాటకముల పట్టిక వెలువడును. నృసింహజయంతినాటి రాత్రి ప్రహ్లాదచరిత్రము, తక్కిన రాత్రులలో ఇతర నాటకములు. పట్టిక చేతికందినదే తడవుగా దానిని చూచినవారిలో వాదము మొదలగును. మన గుడియాత్తములో గంగమ్మ సిరసు పండుగ సందడియు రమారమి ఆ దినములలోనిదే. అయినను నాటకాభిరుచి గల నలుగురు తెలుగువారు కూడినచోట, వేలూరులోనైనను గుడియాత్తములోనైనను, మేలట్టూరు మాట రాక మానదు. ఆ వాదముల బలాబలములను విచారించుటయే ఈ వ్యాసము పని. ఉద్యోగకాలమంతయు పట్టికలు వ్రాయుటతోను, సరిచూచుటతోను గడపిన గుమాస్తాకు ఈ పని కొంత సహజమే గదా!

తెలియని పిన్నలకొరకు రెండు మాటలు. మేలట్టూరు తంజావూరికి సుమారు 18 కిలోమీటర్ల దూరమున నున్న పల్లె. నాయకరాజైన అచ్యుతప్ప నాయకుడు కళావిదులైన బ్రాహ్మణ కుటుంబములకు ఇండ్లును భూములును ఇచ్చి నిలిపిన అగ్రహారము గనుక దానికి అచ్యుతపురమనియు పేరు కలిగెనందురు. పదునెనిమిదవ శతాబ్దిలో అచ్చట వెలసిన వేంకటరామశాస్త్రి భాగవతమేళము కొరకు తెలుగులో పెక్కు నాటకములు రచించెను. ఆయన త్యాగరాజస్వామికి (1767–1847) పెద్ద సమకాలికుడు. స్వామివారి ప్రహ్లాదభక్తివిజయము, నౌకాచరిత్రము కూడ గేయనాటకములే. పాశ్చాత్యులు ఒపెరా అని పిలుచు సంగీతనాటకమునకు మన భాషలో ఇంతకన్న దగ్గరి బంధువు లేదు. ఒపెరాలో గాయకుడు పాడి నటించును. ఇచ్చట నటుడు ప్రవేశదరువుతో రంగమునకు వచ్చి అభినయించును, నర్తించును, సంభాషించును.

ఇక మొదటి వాదము. “ఏటేట ప్రహ్లాదచరిత్రమేనా? క్రొత్తది లేదా?” అని కొందరు విసుగుకొందురు. ఇది మనవారికే పరిమితమైన విసుగు కాదు. న్యూయార్కునగరములో సుమారు 3,800 ఆసనములు గల మెట్రోపాలిటన్ ఒపెరా తన రాబోవు ఋతువు పట్టికను ప్రకటించినప్పుడెల్ల ఇదే రభస. 1981లో జెఫిరెల్లి రూపొందించిన ‘లా బొహీమ్’ ప్రదర్శన మరల వచ్చినచో పాతచింతకాయపచ్చడి యనువారు కొందరు. 2021లో టెరెన్స్ బ్లాంచర్డ్ రచించిన క్రొత్త ఒపెరాతో ఋతువు ప్రారంభించినట్లు, నేటి స్వరకర్తలకు చోటిచ్చినచో మా పుచ్చీని ఏమి చేసితిరి యనువారు మరికొందరు. కాని మేలట్టూరు సంగతి వేరు. అచ్చటి ప్రహ్లాదచరిత్రము వరదరాజస్వామి కోవెల యెదుట, స్వామి చూచుచుండగా, జయంతినాడు తీర్చుకొను మ్రొక్కు. నరసింహుని ముఖము కోవెలలో పూజలందుకొనును. దానిని ధరించు నటుడు ఉపవాసముండును. ఆవేశము వచ్చినప్పుడు ఆయనను ప్రక్కవారు పట్టుకొని ఆపవలసివచ్చును. పండుగను ఏటేట ఎందుకు చేయుచున్నారని అడుగువాడు లేడు. కావున ఈ వాదము నిలువదు.

రెండవ వాదము కాలమును గూర్చినది. రాత్రి మొదలై తెల్లవారువరకు సాగు నాటకమును రెండు గంటలకు కుదింపవలెనందురు. నగరసభలలో కుదింపు తప్పదు. దానిని నేను ఆక్షేపింపను. కాని ఆ యూరిలో కుదించినచో మొదట తెగిపోవునది కోణంగి ప్రవేశమో, వినాయకుని ముఖము ధరించిన బాలుని నర్తనమో, లీలావతి దరువులో ఒకటి రెండో యగును. తండ్రికిని దైవమునకును నడుమ నలిగిన తల్లి దుఃఖము మెల్లగా పెరుగవలసినది. దానిని కత్తిరించినచో మిగులునది కథ మాత్రమే. కథ మనకు బాల్యమునుండి తెలిసినదే.

మూడవ వాదము స్త్రీపాత్రలను పురుషులు ధరించుటను గూర్చినది. ఇది న్యాయమైన ప్రశ్నయే. నేటి కాలమున చదువుకొన్న ఆడపడుచులు ఇట్లడుగుటలో తప్పులేదు. అయినను లీలావతి పాత్రకు ఆ నటులు చేయు సాధన కూడ ఒక విద్యయే, అదియు నిలువవలెను. ఇతర వేదికలపై ఈ నాటకములనే స్త్రీలు ఆడినచో రెండు మార్గములకును చోటుండును.

నా ఆక్షేపణ మరియొకటి. మనవారు ప్రహ్లాదునిపై తగవులాడి తక్కిన రాత్రులను మరచుచున్నారు. ఎన్నికకు చోటున్నది అచ్చటనే గదా! శాస్త్రిగారి రచనలలో హరిశ్చంద్ర, మార్కండేయ, రుక్మాంగద చరిత్రములు, ఉషాపరిణయము, కంసవధ మున్నగునవి కలవు. వీనిలో రుక్మాంగదచరిత్రమును ప్రహ్లాదచరిత్రము మరునాటి రాత్రియే ఆడవలెనని నా కోరిక. హిరణ్యకశిపుడు హరిపై ద్వేషముచే కన్నకొడుకును చంపబూనెను. రుక్మాంగదుడు హరివ్రతమైన ఏకాదశిని విడువలేక, మోహినికిచ్చిన మాటకు కట్టుబడి, కన్నకొడుకైన ధర్మాంగదునిపై కత్తి యెత్తెను. ఒకడు రాక్షసుడు, ఒకడు భక్తుడు. కత్తి క్రింద తలవంచినది మాత్రము ఇరువురి కుమారులును. లీలావతి ప్రక్కన సంధ్యావళిని నిలిపిచూడుడు. మొదటి రాత్రి తండ్రిని నిందించి నిశ్చింతగా ఇంటికి పోయిన ప్రేక్షకుడు రెండవరాత్రి అంత సులభముగా పోలేడు. భక్తి పేరిట పెద్దలు పిల్లలనేమి కోరవచ్చును, ఏమి కోరరాదు అను ప్రశ్న వానిని వెంటాడును. ఇట్లు ఒక నాటకము మరియొకదానికి వ్యాఖ్యానమగునట్లు కూర్చుటయే పట్టిక వ్రాయువాని నేర్పు.

అయితే ఈ ప్రశ్న తోచుటకు సాహిత్యము అర్థము కావలెను. మనకు సంబంధించిన అసలు సంగతి ఇచ్చటనున్నది. మేలట్టూరు నటులలో పెక్కుమందికి నేడు ఇంటిభాష తమిళము. తెలుగు దరువులను తమిళలిపిలో వ్రాసుకొని, ఉచ్చారణ దిద్దుకొని, తండ్రినుండి కొడుకు నేర్చుచు తరతరములుగ నిలుపుచున్నారు. మనమో, ఇంట తెలుగు మాటలాడుచు ఆ నాటకమునకు పోయి “రాగము బాగున్నది” అని మాత్రము చెప్పి వచ్చుచున్నాము. 2006లో వచ్చిన తమిళ అభ్యసన చట్టముతో మన పిల్లలకు పాఠశాలలో తమిళము తప్పనిసరి యైనది. తమిళము నేర్చుట మేలే. ఈ గడ్డ అన్నము తినుచు ఆ భాషను కాదనరాదు. కాని మన పిల్లలలో చాలమందికి తెలుగు అక్షరము చేజారుచున్నది. చెవికి మాత్రము తెలుగు ఇంకను మిగిలియున్నది. చెవితో వినదగిన సాహిత్యము మనకు కావలెను. అది మేలట్టూరులో సిద్ధముగనున్నది.

మెట్రోపాలిటన్ ఒపెరావారు తమ ప్రేక్షకులకు అన్యభాషాగీతముల అర్థము తెలియుటకై 1995లో ఆసనముల వెనుక చిన్న ఫలకములనమర్చిరి. మనకంత ఖర్చు అక్కరలేదు. మన సంఘము పూనుకొని, వచ్చు వైశాఖమునకు ముందు ఒక్క నాటకము సాహిత్యమును తెలుగు, తమిళ లిపులు రెంటను అచ్చొత్తించి, ప్రక్కన సులభవచనములో తాత్పర్యము చేర్చినచో చాలును. నాలుగు ఆదివారములు సాయంకాలము పెద్దలు చదివి చెప్పవలెను, పిన్నలు వినవలెను. ఆ పిమ్మట ఒక బస్సు కుదుర్చుకొని అందరమును మేలట్టూరు పోవుదము.

అప్పుడు పట్టికను ఎంతైనను విమర్శింపవచ్చును. లీలావతి ఏ దరువు తగ్గినదో, ఏ మాట తప్పినదో పట్టుకొని అడుగు ప్రేక్షకుడున్నచో ఆ నటుల శ్రమకు విలువ పెరుగును. అర్థము తెలిసి పెట్టు తగవు కళకు ఎరువు. తెలియక పెట్టునది కలుపు. మన ఆర్కాటు తెలుగువారు మొదటిరకపు తగవులమారులు కావలెనని నా ప్రార్థన.